వేలిముద్ర పడలేదంటే అర్థం ఏమిటి?

కిందటి వేసవి సెలవుల్లో ఒక ఉదయం మామ్మతో కలిసి రేషన్ దుకాణానికి వెళ్లాను. మాది కోనసీమలో కాలువ గట్టును ఆనుకున్న చిన్న ఊరు. మేము వెళ్లేసరికే దుకాణం ముందు పది మంది దాకా సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చాక డీలరు గారు కార్డు నంబరు కొట్టి, యంత్రాన్ని మామ్మ ముందుకు జరిపారు. మామ్మ కుడి బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడు వేలు పెట్టింది. పడలేదు. "తడి లేకుండా తుడుచుకుని పెట్టండి మామ్మగారూ" అన్నారాయన. చీర చెంగుతో ఒక్కో వేలూ తుడుచుకుని, పసిబిడ్డ బుగ్గను తాకినంత నెమ్మదిగా మళ్లీ పెట్టింది. పడలేదు. వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

"నేనేనయ్యా. నీ చిన్నప్పటి నుంచి నన్ను చూస్తూనే ఉన్నావు కదా" అంది మామ్మ.

"మీరేనని నాకు తెలుసండీ. దీనికి తెలియాలి కదా" అన్నారు డీలరు గారు.

ఆయన గొంతులో విసుగు లేదు. తెలిసి కూడా ఏమీ చేయలేకపోతున్నానన్న ఇబ్బంది ఉంది. సాయంత్రం రమ్మన్నారు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని మామ్మ ఇంటిదారి పట్టింది. దారంతా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, కంప్యూటర్ సైన్స్. ఆ రోజు నుంచి "పడలేదు" అన్న మాట వెంట పడ్డాను. పుస్తకాలు చదివాను, మా మాస్టారిని అడిగాను, నియమాలు వెతికాను. తెలిసింది ఏమిటంటే, "పడలేదు" అంటే "ఈవిడ ఆవిడ కాదు" అని అర్థం కాదు. "ఈవిడే ఆవిడ అని నేను గట్టిగా చెప్పలేను" అని అర్థం. ఈ రెండు మాటలకూ మధ్య చాలా దూరం ఉంది. దుకాణం దగ్గర ఆ దూరం ఎవరికీ కనిపించదు. అక్కడి నుంచి మా ఇంట్లో, మా ఊళ్లో రోజూ వాడే మిగతా పరికరాలను కూడా అదే కంటితో చూడటం మొదలుపెట్టాను. ప్రతి పరికరానికీ తనకు తెలియని క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణం కోసం ఎవరు ఏ ఏర్పాటు చేసి పెట్టారు, అంతవరకు భారం ఎవరి నెత్తిన పడుతోంది అని అడిగితే తప్ప ఆ పరికరం మంచిదో కాదో చెప్పలేమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు మామ్మ చేతుల సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లుగా ఆమె కొబ్బరి ఈనెలు తీసి చీపుళ్లు కడుతోంది. మట్ట నుంచి ఆకు విడదీసి, ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు మధ్య కొస బిగించి పట్టుకుంటుంది. కుడి చేతిలో చిన్న కత్తి. ఈనె పక్కన కత్తి ఆనించి ఒక్క గుంజు గుంజితే సర్రుమని ఆకు ఒక పక్కకు, ఈనె ఒక పక్కకు విడిపోతాయి. ప్రతి గుంజుకూ కుడి బొటనవేలు ఈనెను ఒరుసుకుంటూ పోతుంది. రోజుకు కొన్ని వందల సార్లు. ఒకసారి ఆ వేలిని ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. నా వేలి మీద దున్నిన చేలో సాళ్లలా వరసగా గీతలున్నాయి. ఆమె వేలి మధ్యలో గీతలు లేవు. అరిగిన గుడి మెట్టులా అక్కడ చర్మం నున్నగా ఉంది. అంచుల్లో గీతలు మిగిలినా, వాటికి అడ్డంగా సన్నని కోతలు, పగుళ్లు.

ఇప్పుడు యంత్రం వైపు నుంచి చూద్దాం. వేలి గీతలు మనం తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. చర్మం పై పొర అరిగినా, కొంతకాలం పనికి విరామం ఇస్తే మళ్లీ అదే వరసలో పైకి వస్తాయి. అందుకే వాటిని గుర్తింపుగా నమ్మారు. అయితే యంత్రం రెండు వేళ్ల బొమ్మలను పక్కపక్కన పెట్టి మనం ఫొటోలు చూసినట్టు చూడదు. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులను ఏరుతుంది. ఒక్కో గుర్తు ఎక్కడుంది, ఏ వైపుకు తిరిగి ఉంది అన్నది అంకెల్లో రాసుకుంటుంది. మా ఊరి రైతుకు కాలువల పటం ఇస్తే, పెద్ద కాలువ ఎక్కడ చీలింది, ఏ బోదె ఏ చేను దగ్గర ఆగింది అన్నది చూసి ఇది ఫలానా ఊరు అని చెప్పేస్తాడు. యంత్రం చేసేదీ దాదాపు అదే పని. గీతలే అరిగిపోయిన వేలి మీద అసలు చీలికలు కనిపించవు. పైగా కత్తి కోతలు లేని చీలికలను పుట్టిస్తాయి.

దుకాణంలో తీసుకున్న వివరాలు తాళం వేసిన సందేశంగా మారి, నెట్‌వర్క్ మీదుగా ఆధార్ సమాచార కేంద్రానికి వెళ్తాయి. ఆ కేంద్రాలు బెంగళూరులోనూ, హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. అక్కడ అడిగే ప్రశ్న "ఈ వేలు ఎవరిది?" అని కాదు. కార్డుతో పాటు ఆధార్ సంఖ్య ముందే వెళ్లింది కాబట్టి, "ఈ వేలు ఈ సంఖ్య గల మనిషిదేనా?" అన్నదొక్కటే ప్రశ్న. నమోదు నాడు ఇచ్చిన గుర్తులతో ఇవాళ్టి గుర్తులను పోల్చి, ఎంతవరకు కలిశాయో ఒక లెక్క కడతారు. ఆ లెక్క ముందే పెట్టుకున్న గీటు దాటితే అవును, దాటకపోతే కాదు.

ఆ గీటు ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. జల్లెడతో పోల్చితే తేలిగ్గా అర్థమవుతుంది. కన్నాలు సన్నగా ఉంటే రాయి రాదు కానీ మంచి గింజలు కొన్ని పైనే ఆగిపోతాయి. కన్నాలు పెద్దవైతే గింజలన్నీ దిగుతాయి, వాటితో పాటు రాళ్లూ దిగుతాయి. వేలిముద్రల లెక్కలోనూ అంతే. ఒకరి పేరుతో మరొకరు బియ్యం తీసుకుపోకూడదని గీటు పైకి జరిపితే, నిజమైన మనుషులు కొందరు బయట ఆగిపోతారు. కిందికి జరిపితే దొంగ వేళ్లు లోపలికి వస్తాయి. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చేసే గీటు లేదు. ఎక్కడో ఒకచోట పెట్టాలి, పెట్టేది మనుషులే.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి ఉంది. సమాచార కేంద్రం నుంచి దుకాణానికి తిరిగి వచ్చేది "అవును" లేదా "కాదు" మాత్రమే. గోప్యత కోసం అలా పెట్టారు, అది సరైనదే. కానీ దానివల్ల సందేహం ఎంత అన్నది దారిలోనే రాలిపోతుంది. "వెంట్రుకవాసిలో తప్పిపోయింది" అన్నదీ, "అసలు పోలికే లేదు" అన్నదీ డీలరు గారి చేతిలో ఒకే మాటగా కనబడతాయి. మామ్మకూ, మామ్మ పేరుతో వచ్చిన అపరిచితుడికీ యంత్రం ఇచ్చే సమాధానం ఒక్కటే.

సగటు లెక్కలు కూడా ఇలాగే కళ్లకు గంతలు కడతాయి. ఒక ఊళ్లో వేలిముద్రలు వందకు రెండు సార్లు పడవని అనుకుందాం, ఊహకు మాత్రమే చెబుతున్నాను. వినడానికి చిన్న సంఖ్య. ఆ రెండు సార్లు అందరికీ సమానంగా పంచుకున్నట్టు వస్తే ఎవరికీ పెద్ద బాధ లేదు, మరోసారి వేలు పెడితే సరిపోతుంది. కానీ అలా రావు. నాకు ఎప్పుడూ పడుతుంది. కాలేజీలో కూర్చుని పెన్ను పట్టే చేతులు నావి. ఈనెలు తీసే మామ్మకు, నాట్లు వేసే ఆడవాళ్లకు, ఇటుక మోసేవాళ్లకు, పీచు వడికేవాళ్లకు మళ్లీ మళ్లీ పడదు. వంద మందిలో ప్రతి ఒక్కరికీ అప్పుడప్పుడు జరిగే తప్పు కాదది, అదే ఇద్దరికి ప్రతి నెలా జరిగే తప్పు. ఆ ఇద్దరికే బియ్యం అవసరం అందరికంటే ఎక్కువ.

వేలిముద్రకు మన దేశంలో ఉన్న చరిత్ర తలుచుకుంటే ఇది ఇంకా బాధగా అనిపిస్తుంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు, రేపు మాట తప్పకుండా ఉంటాడని. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. వేలిముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల కష్టం ఉంది. మన ఇళ్లలో మాత్రం వేలిముద్ర అంటే నిశానీ. సంతకం రానివాళ్లు వేసేది. మామ్మ యాభై ఏళ్ల వయసులో రాత్రి బడికి వెళ్లి సంతకం నేర్చుకుంది, ఇక ఎవరి ముందూ వేలు చాపనక్కర్లేదని. ఇప్పుడు ఆ సంతకం అడిగేవాళ్లు లేరు.

నియమాల్లో ఈ చిక్కుకు దారి లేదా అంటే ఉంది. వేలు పడనంత మాత్రాన అర్హులకు రేషన్ ఆపకూడదని, వేరే మార్గాల్లో గుర్తించి ఇవ్వాలని 2017లోనే ఆధార్ సంస్థ ఆదేశాలిచ్చింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనూ ఈ సంగతి చర్చకు వచ్చింది. కనుపాపతో, ముఖంతో, ఫోనుకు వచ్చే ఓటీపీతో గుర్తించవచ్చు. పది వేళ్లలో ఏది బాగా పడుతుందో ముందే తేల్చి రాసిపెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆ ఉదయం డీలరు గారు ఓటీపీ ప్రయత్నించారు కూడా. మామ్మ ఆధార్‌కు కలిపి ఉన్న నంబరు మా బాబాయిది. బాబాయి కువైట్ వెళ్లి ఆరేళ్లయింది, ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. కోనసీమలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఏర్పాటు కాగితం మీద ఉండటం వేరు, ఎండలో నిలబడ్డ మనిషి దాకా దిగిరావడం వేరు.

దీనికి పక్కన పెట్టి చూడదగిన అనుభవం కొన్ని వారాలకే ఎదురైంది. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వెళ్లాలి. రేవులో ఒకావిడ తాటి ముంజెలు అమ్ముతోంది. అరవై రూపాయల ముంజెలు తీసుకుని, ఆమె పెట్టుకున్న క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి పిన్ కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నా ఖాతాలో అరవై తగ్గినట్టు సందేశం వచ్చింది. డబ్బు అందగానే పైకి చెప్పే డబ్బా ఆమె పక్కన ఉంది, అది మాత్రం నోరు విప్పలేదు. పంటు కూత వేసింది. నేను ఫోను చూపించాను, ఆమె డబ్బా వంక చూసింది. "పర్వాలేదమ్మా, తిరిగొచ్చేటప్పుడు చూద్దాంలే" అంది.

ఆ అరవై రూపాయలు ఎక్కడున్నాయి? క్యూఆర్ కోడ్‌లో డబ్బు ఉండదు, చిరునామా ఉంటుంది. నేను స్కాన్ చేసింది ఆమె ఇంటి నంబరు లాంటిది మాత్రమే. నా కోరిక ఫోనులోని యాప్ నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ కూడలికి వెళ్తుంది. 2016లో మొదలైన యూపీఐని నడిపేది ఆ కూడలే, ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు వెళ్లే యూపీఐ చెల్లింపులు దాన్ని దాటే వెళ్తాయి. కూడలి నా బ్యాంకును అడుగుతుంది. పిన్ సరైనదో కాదో చెప్పగలిగింది నా బ్యాంకు ఒక్కటే. అది సరే అని డబ్బు తగ్గిస్తే, కూడలి ఆమె బ్యాంకుకు జమ చేయమని చెబుతుంది. ఆమె బ్యాంకు "చేశాను" అని తిరిగి చెప్పాలి. ఆ "చేశాను" సమయానికి రాకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. జమ కాలేదా? జమ అయి, ఆ కబురు మాత్రమే దారిలో పోయిందా? తెర మీద కనిపించే "పెండింగ్" అన్న మాట లోపల ఈ ప్రశ్న ఉంది.

పంటు మీద నిలబడి ఆలోచిస్తుంటే, మా పాఠంలోని ఒక లెక్క గోదావరి నడుమ కళ్ల ముందు కనబడింది. నేను ఈ గట్టున ఉన్నాను, నా స్నేహితురాలు ఆ గట్టున ఉంది. మధ్యలో కబురు మోసేది పడవవాడు మాత్రమే, వాడు చేరవచ్చు, చేరకపోవచ్చు. "రేపు ఆరింటికి ఇద్దరం ఒకేసారి బయలుదేరుదాం" అని కబురు పంపాను. అందిందో లేదో నాకు తెలియాలంటే ఆమె తిరుగు కబురు పంపాలి. ఆ తిరుగు కబురు నాకు అందిందని ఆమెకు తెలియాలంటే నేను మళ్లీ పంపాలి. ఎన్ని పడవలు తిరిగినా చివరి కబురు అందిందా అన్న సందేహం ఒకటి మిగిలే ఉంటుంది. దీనికి పరిష్కారం లేదని గణితంలో ఎప్పుడో రుజువు చేశారు. రెండు బ్యాంకుల మధ్య ఉన్నదీ అలాంటి నదే. ఎంత వేగం పెరిగినా, ఎన్ని టవర్లు వేసినా ఆ సందేహం తగ్గుతుంది తప్ప పోదు.

కనుక చేయగలిగింది, ఆ సందేహం వచ్చినప్పుడు ఏం జరగాలో ముందే రాసిపెట్టడం. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఆ పని చేసింది. మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు ఇక్కడ తగ్గి అక్కడ జమ కాకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. దుకాణదారుకు కట్టినదైతే, ఆమె వైపు నిర్ధారణ కాకపోతే, 5 రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి, ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదు. నా అరవై రూపాయలు మూడో రోజున వెనక్కి వచ్చాయి. అంటే ఆవిడకు అందలేదన్న మాట. ఆ తర్వాతి వారం వెళ్లి నోట్లు ఇచ్చేశాను.

ఆ డబ్బా గురించి కూడా ఒక మాట. చాలామంది డబ్బా మోగితేనే డబ్బు వచ్చినట్టు, మోగకపోతే రానట్టు అనుకుంటారు. డబ్బా బ్యాంకు కాదు. దానికి సొంతంగా ఒక సిమ్ము ఉంటుంది, చెల్లింపు కంపెనీ పంపిన కబురును పైకి చదువుతుంది, అంతే. రేవులో సిగ్నల్ లేకపోతే డబ్బు వచ్చినా మోగదు. మరోవైపు, ఎవరో చూపించిన ఫోను తెర రుజువు కాదు, అలాంటి తెరలను పుట్టించే దొంగ యాప్‌లు ఉన్నాయి. ఖాతాలో జమ కనబడటమే రుజువు. ముంజెలు అమ్మే ఆవిడకు ఇది చెప్పాను. "అది చూడటానికి నా ఫోను పెద్దది కాదమ్మా" అంది. బటన్ ఫోను. డబ్బు లోపలికి వచ్చే దారి ఆమెకు ఇచ్చారు, వచ్చిందో లేదో తానే చూసుకునే కిటికీ ఇవ్వలేదు. గడువు దాటితే రోజుకు 100 పరిహారం నా ఖాతాకు వస్తుంది. ఆ మూడు రోజులూ నన్ను నమ్మి ఊరుకున్న భారం మాత్రం ఆమెది.

మా డెల్టాలో ఇంతకంటే చాలా పాత సాంకేతికత ఒకటుంది, అది మాకు నీరంత అలవాటైపోయి సాంకేతికత అని కూడా అనుకోము. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. ఆ రోజుల నుంచి కాలువలూ, లాకులూ, తూములూ మా సార్వా, దాళ్వా పంటలను నడిపిస్తున్నాయి. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది, దానికి ఆయన పేరే పెట్టారు. నదికి ఎంత నీరు వస్తుందో ఎవరికీ ముందుగా తెలియదు. ఆ తెలియనితనానికి మా పెద్దలు చేసుకున్న ఏర్పాటు మూడు అంకెలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. లంకల్లో ఆరో తరగతి పిల్లవాడిని అడిగినా ఈ అంకెలు చెబుతాడు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు. అక్కడి నీరు ఇక్కడికి చేరేలోపు దొరికే గంటల్లోనే పశువులు గట్టెక్కాలి, ధాన్యం అటకెక్కాలి.

ఈ అంకెలూ గీట్లే. 11.74 అడుగుల దగ్గర నది శాంతంగా ఉంటుందనీ కాదు, 11.76 దగ్గర ఊరు మునుగుతుందనీ కాదు. తేడా ఏమిటంటే ఈ గీటు అందరికీ తెలుసు, రేడియోలో వినబడుతుంది, ఇంకా ఎంత దూరంలో ఉన్నామో గంట గంటకూ తెలుస్తుంది. గీటు దాటితే ఎవరు ఏం చేయాలో రాసి ఉంది. పైగా తప్పు ఎటువైపు చేయాలో కూడా ముందే తేల్చుకున్నారు. హెచ్చరిక ఇచ్చాక నీరు రాకపోతే ఒక రాత్రి నిద్ర పోతుంది, ఇవ్వకుండా వస్తే ప్రాణాలు పోతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దాటి సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. 86 వరద గురించి మామ్మ చెప్పినంతగా ఇంకెవరూ చెప్పలేరు. ఆమె లెక్క క్యూసెక్కుల్లో ఉండదు, తులసికోట ఎంతవరకు మునిగింది అన్న దాంట్లో ఉంటుంది.

తుపానుల విషయంలోనూ ఇదే దారిలో మంచి మార్పు వచ్చింది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగి హెచ్చరిక తెర మీదికి వచ్చే ఏర్పాటు ఉంది. అది మామూలు సందేశం కాదు. మామూలు సందేశం ఒక్కో నంబరుకూ విడివిడిగా వెళ్తుంది, రద్దీలో ఆలస్యమవుతుంది. ఇది టవరు నుంచి చాటింపులా వెలువడుతుంది. ఆ టవరు నీడలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి, ఎవరి నంబరూ అక్కర్లేదు. వాతావరణ శాఖ పటంలో తుపాను దారిని ఒక్క గీతగా కాక, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పాయలా చూపిస్తారు. ఆ వెడల్పే వారి సందేహం. "మాకు ఇంతవరకే తెలుసు" అని గీసి చూపించే ఆ పటం మీద నాకు చాలా గౌరవం.

భీమవరం వైపు నుంచి వచ్చే మా స్నేహితురాలి ఇంట్లో రొయ్యల చెరువులున్నాయి. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. పగలు నాచు, మొక్కలు దాన్ని పుట్టిస్తాయి, రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే గంటల్లో పంట మొత్తం పోతుంది. వాళ్ల నాన్నగారు నీటిలో కొలిచే పరికరం పెట్టించారు, తగ్గితే ఫోను మోగుతుంది. అయినా ఆయన మూడింటికి లేచి టార్చి పట్టుకుని గట్టు మీద తిరుగుతూనే ఉంటారు. పరికరం మీద నాచు పేరుకుంటే అంకె తప్పు చెబుతుందని ఆయనకు తెలుసు. రొయ్యలు పైకి తేలుతున్నాయా అని కంటితో చూసుకుంటే తప్ప ఆయనకు నిద్ర రాదు. పరికరాన్ని నమ్మడం, దాన్ని గమనిస్తూ ఉండటం రెండూ ఒకే మనిషిలో ఇంత సహజంగా ఉండటం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

చివరగా, మా తరగతిలో అందరూ రోజూ వాడేది, ప్రశ్న అడిగితే వ్యాసం రాసిచ్చే కృత్రిమ మేధ. దాన్ని ఒకసారి వైనతేయ పాయ ఎక్కడ సముద్రంలో కలుస్తుందని అడిగాను. అంతర్వేది దగ్గర అని చక్కటి తెలుగులో, తొణక్కుండా చెప్పింది. అంతర్వేది దగ్గర కలిసేది వశిష్ఠ. వైనతేయ ఓడలరేవు దగ్గర కలుస్తుంది. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి పట్టుకోగలిగాను. అమెజాన్ పాయల గురించి అడిగి ఉంటే నమ్మి రాసుకునేదాన్ని. అది చదివిన కోట్ల వాక్యాల్లో ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి, ఒక్కో ముక్కే పేర్చుకుంటూ పోతుంది. గోదావరి, పాయ, సముద్రం అన్న మాటల పక్కన అంతర్వేది ఎన్నోసార్లు కనబడి ఉంటుంది. లోపల అంచనా ఎంత బలహీనంగా ఉన్నా పైకి వచ్చే వాక్యం మాత్రం అంతే నిండుగా ఉంటుంది. ఇన్నాళ్లూ నేను చూసిన పరికరాల్లో వేలిముద్ర యంత్రం తెలియనప్పుడు "కాదు" అంది, యూపీఐ "పెండింగ్" అంది, వాతావరణ పటం పాయను వెడల్పు చేసి చూపింది. ఇది మాత్రం తెలియనప్పుడు కూడా తెలిసినట్టే మాట్లాడింది. అందుకే దీని విషయంలో భీమవరం నాన్నగారిలా టార్చి పట్టుకుని తిరగాలని నిర్ణయించుకున్నాను.

ఆ రోజు సాయంత్రం మామ్మ మళ్లీ దుకాణానికి బయలుదేరింది. నేనూ వెళ్లాను. జనం లేరు. డీలరు గారు ఓపికగా పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించారు. తొమ్మిదో వేలు, ఎడమ చేతి ఉంగరపు వేలు, పడింది. ఈనె పని అంతా బొటనవేళ్లు, చూపుడు వేళ్ల మీదే నడుస్తుంది, ఆ వేలికి పెద్దగా ఒరిపిడి ఉండదు. డీలరు గారు తన పుస్తకంలో మామ్మ పేరు పక్కన "ఎడమ ఉంగరం" అని పెన్నుతో రాసుకున్నారు. ఆ నెల నుంచి ఆమె వెళ్లగానే నేరుగా ఆ వేలే అడుగుతున్నారు.

మొన్న ఇంటికి వెళ్లినప్పుడు మామ్మ పెరట్లో కూర్చుని ఈనెలు తీస్తోంది. ఎడమ ఉంగరపు వేలికి పాత చీర పేలిక చుట్టి, దారంతో కట్టి ఉంది. తెగిందేమోనని కంగారుగా దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"ఏమీ కాలేదు తల్లీ" అంది, కత్తి ఆపకుండానే. "అది బియ్యం వేలు."